రంగూ రేఖా: ముందు మీ ఊరి గుడ్డ చూపించు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టెక్స్‌టైల్ డిజైన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పెదన, మచిలీపట్నం దగ్గరే. మా తాతయ్య అద్దకం పని చేసేవారు, ఇప్పుడు మా బాబాయి చేస్తున్నారు. ఈసారి మా కాలేజీకీ ఇంగ్లండ్‌లో ఒక కాలేజీకీ కలిపి ఆరు వారాల ఆన్‌లైన్ ప్రాజెక్టు పెట్టారు. మా గ్రూపులో ఐదుగురం. ఇద్దరం ఇక్కడ, ముగ్గురు అక్కడ. చేతి సంచుల మీద కలంకారీ డిజైన్లు చెయ్యాలి. మీటింగులో వాళ్ళు గబగబా మాట్లాడతారు. నాకు అర్థమయ్యేలోపు ఇంకో విషయంలోకి వెళ్ళిపోతారు. టెన్షన్‌తో మ్యూట్‌లోనే ఉండిపోతున్నాను. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి గూగుల్‌లో దొరికిన నెమలి బొమ్మను సంచి మీద పెట్టి 'కలంకారీ' అని పేరు రాసింది. అది కలంకారీ కాదని తెలిసినా చెప్పలేకపోయాను. అప్పుడే రెండు వారాలు అయిపోయాయి. గ్రూపు నుంచి తప్పుకోమంటారా?
(పేరు వద్దన్న విద్యార్థిని, కృష్ణా జిల్లా)

జవాబు: తప్పుకోవద్దు తల్లీ. ఇంకా నాలుగు వారాలున్నాయి.

నీ ఉత్తరంలో 'మాది పెదన' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఈ సంగతి ఆ ముగ్గురిలో ఎవరికైనా తెలుసా? మీ బాబాయి రోజూ అచ్చు పట్టుకుని గుడ్డ మీద కొడతారని చెప్పావా? చెప్పలేదనే అనుకుంటున్నాను. తెలిసుంటే ఆ అమ్మాయి నెమలి కోసం గూగుల్‌లో వెతికేది కాదు, నిన్నే అడిగేది.

ఈ శనివారం ఇంటికి వెళ్ళు. ఫోన్ పట్టుకుని మీ బాబాయి పక్కన కూర్చో. మాట్లాడక్కర్లేదు, వీడియో తియ్యి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డను తియ్యి. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు తగలగానే ఆ గుడ్డ నల్లబడటం తియ్యి. అన్నిటికంటే ముఖ్యం ఎరుపు. పటిక అచ్చు వేసినప్పుడు అసలు ఎరుపు ఇంకా రాదు. తర్వాత కాగులో రంగుతో ఉడికించినప్పుడు పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన మరక ఉతుకుల్లో, ఎండలో పోతుంది. రంగుని గుడ్డకి పట్టించే ఇలాంటి పదార్థాన్ని నేను పుస్తకంలో 'మోర్డెంట్' అని చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నదాన్ని. అయినా మొదటిసారి మీ ఊళ్ళో కాగు పక్కన నిలబడి, కర్రతో తిప్పుతున్న గుడ్డలో పువ్వులు ఒక్కొక్కటే ఎర్రగా తేలడం చూసినప్పుడు నోట మాట రాలేదు. ఆ అర నిమిషం వీడియో మీ గ్రూపుకి పంపు.

ఒకవేళ మీ బాబాయి ఇప్పుడు రసాయన రంగులు వాడుతుంటే అదే తియ్యి, దాచకు. ఎందుకు మారాల్సి వచ్చిందో ఆయన్నే అడుగు. ఆయన తెలుగులోనే చెప్తారు, నువ్వు కింద రెండు లైన్లు ఇంగ్లీషులో రాస్తే చాలు. డిజైన్ చదివే పిల్లలకి ఆ జవాబు నెమలి కంటే ఎక్కువ పనికొస్తుంది.

లాక్‌డౌన్ రోజుల్లో నా క్లాసుకీ ఇలాంటి ప్రాజెక్టు జరిగింది. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన ఒకబ్బాయి మూడు మీటింగుల్లో నోరు విప్పలేదు. నాలుగోసారి ఇంటి దగ్గర నెట్ బాగా వస్తోందని ఫోన్ కెమెరా వాళ్ళమ్మ వైపు తిప్పాడు. ఆవిడ ఆసు పోస్తున్నారు, అంటే నేసే ముందు నూలుని కొయ్యలకి చుడుతున్నారు. కొయ్యల చుట్టూ చెయ్యి అలా వెళ్తూ వస్తూనే ఉంది. అవతల ఉన్న పదకొండు మందీ మాటలు ఆపేశారు. తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు. ఒక చీరకి ఇలా ఎన్నిసార్లు తిప్పాలి? భుజం నొప్పి రాదా? రంగు ముందే అద్దితే డిజైన్ మగ్గం మీద ఎలా కలుస్తుంది? జూమ్ ఉచిత ఖాతా కదా, 40 నిమిషాలకి కట్ అయింది. మళ్ళీ లింకు పెట్టుకుని అందరూ వెనక్కి వచ్చారు. ఆ రోజు వాడి ఇంగ్లీషు తప్పుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక నెమలి సంగతి. ఆ అమ్మాయి కావాలని చేసిందని నేననుకోను. తెలియక చేసింది. చెప్పకపోతే ఆ తప్పులో నీకూ భాగం ఉంటుంది. చాట్‌లో రెండు ప్రశ్నలు పెట్టు: ఈ బొమ్మ ఎక్కడిది? దీన్ని గీసింది ఎవరు? ఆ తర్వాత చెప్పు, మచిలీపట్నం కలంకారీ అన్న పేరుకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉందని. ఆ గుర్తింపు కాపాడేది పేరుని. డిజిటల్ ప్రింటు వేసిన సంచికి ఆ పేరు పెట్టి అమ్మితే పెదనలో అచ్చు కొట్టేవాళ్ళ కూలికే గండి. 'కలంకారీ చూసి గీసిన డిజైన్' అని రాసుకోవచ్చు, అందులో తప్పులేదు. మీ బాబాయి దగ్గరున్న అచ్చుని ఫోటో తీసి వాడాలనుకుంటే ముందు ఆయన్ని అడగండి. ఆ అచ్చు చెక్కినవారెవరో కూడా కనుక్కుని, ఇద్దరికీ ఇష్టమైతే పేర్లు సంచి లోపల ట్యాగు మీద వెయ్యండి.

ఇంకో మాట. పరదేశం వాళ్ళతో కలిసి డిజైన్ చెయ్యడం మీ వైపు కొత్త కాదు. 'కలంకారీ' అన్న మాటే పారసీక భాషలోంచి వచ్చింది. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. సముద్రం అవతల కొనేవాళ్ళకి ఏ పువ్వులు, ఏ రంగులు నచ్చుతాయో కబురు ఓడల మీద వచ్చేది, మన అద్దకంవాళ్ళు దాన్ని తమ చేతికి తగ్గట్టు మలిచి గుడ్డ పంపేవారు. అయితే ఆ గుడ్డల మీద వాళ్ళ పేర్లు మనకి దాదాపు ఎక్కడా దొరకవు. నిన్ను పేర్లు వెయ్యమని ఇంతగా చెప్పడం అందుకే.

మాట్లాడే భయానికి చిన్న ఉపాయం. మీటింగులో ఏం మాట్లాడుకోబోతున్నారో ముందు రోజే గ్రూపులో రాయమని అడుగు. నువ్వు చెప్పదలచుకున్న మూడు వాక్యాలు రాసిపెట్టుకుని, మొదటి ఐదు నిమిషాల్లోనే చదివెయ్యి. ఆలస్యం చేసేకొద్దీ గొంతు పెగలదు. ఇది నేను ఎంతోమంది పిల్లల్లో చూశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను అప్లైడ్ ఆర్ట్ చదువుతున్నాను. జపాన్ విద్యార్థితో కలిసి రెండు భాషల్లో పోస్టర్ చేస్తున్నాం. నేను పంపిన ఫైల్ అతని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయట. ఫాంట్ మార్చి పంపితే వత్తులు విడిపోయాయి. ఏం చెయ్యాలి?
(వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బాబూ, మొదటిసారి నువ్వు అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటావు. డీటీపీ సెంటర్లలో అలవాటైన పద్ధతి అదే. అవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌కి నీ 'క' ఒక ఇంగ్లీషు అక్షరంలాగే కనిపిస్తుంది. యూనికోడ్‌లోనే టైప్ చెయ్యి. నోటో సాన్స్ తెలుగు, రామభద్ర, మల్లన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అతను కూడా దింపుకోవచ్చు.

రెండోసారి వత్తులు విడిపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ సెట్టింగ్. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్, ఆ లోపల టైప్ అన్న చోట ఇండిక్ ఆప్షన్స్ టిక్ చేసుకుని, పేరాకి భారతీయ భాషల కంపోజర్ ఎంచుకోవాలి. అతని కంప్యూటర్‌లో కూడా అది మార్చాలి. పోస్టర్ ఖాయమయ్యాక అక్షరాల్ని అవుట్‌లైన్లుగా మార్చి ఒక కాపీ, మార్చకుండా ఒక కాపీ, రెండూ పంపు. దాంతోపాటు వాక్యం సరిగ్గా ఎలా కనపడాలో ఫోటో ఒకటి పెట్టు. అతనికి తెలుగు రాదు కాబట్టి 'స్త్రీ'లో వత్తు పక్కకి జారినా అందంగానే ఉందనుకుంటాడు. అతని లిపిలో తప్పు నీకూ తెలియదు, కాబట్టి నువ్వూ అతన్ని అలాంటి ఫోటో అడుగు. చివరి ప్రూఫ్‌లో ఎవరి భాష వాళ్ళే చూసుకోవాలి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో డ్రాయింగ్ లెక్చరర్‌ని. నా పాత విద్యార్థి ఒకరు స్కాట్లండ్‌లో ఇలస్ట్రేషన్ పాఠాలు చెప్తున్నారు. ఇద్దరి క్లాసుల్నీ ఆన్‌లైన్‌లో కలపాలని ఉంది. మా కాలేజీలో నిధులు లేవు, ఒప్పందాలు కుదరాలంటే ఏళ్ళు పడుతుంది. మొదలుపెట్టవచ్చా?
(ఒక లెక్చరర్)

జవాబు: తప్పకుండా మొదలుపెట్టండి మాస్టారూ. ఈ పద్ధతికి విదేశాల్లో 'కాయిల్' అని పేరు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సినిమా పాఠాలు చెప్పిన జాన్ రూబిన్, వేర్వేరు దేశాల విద్యార్థులతో కలిపి వీడియోలు తీయించి, ఆ అనుభవంతో 2006లో దీనికో కేంద్రం పెట్టారు. దీనికి అసలు కావలసింది ఒకరినొకరు నమ్మే ఇద్దరు టీచర్లు. మీకు వాళ్ళు ఉన్నారు. పైగా మీ ఊళ్ళో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఇంగ్లీషువారు ఆస్వాల్డ్ కూల్డ్రే, చిత్రకారుడు దామెర్ల రామారావుని చేరదీసి ప్రోత్సహించిన చరిత్ర ఉంది. మొదటి మీటింగు రోజు మీ పిల్లల్లో ఇద్దరు దామెర్ల ఆర్ట్ గ్యాలరీ గురించి ఐదు నిమిషాలు చెప్తే బాగుంటుంది.

ఆరు వారాలు వద్దు, మూడు చాలు. ఒకటే పని పెట్టండి. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టులు అనే కవుల, చిత్రకారుల బృందం ఒక ఆట ఆడేది. కాగితం మడిచి ఒకరు తల గీస్తారు. అంచు గీతలు మాత్రం కనపడనిచ్చి ఇంకొకరికి ఇస్తే వాళ్ళు మొండెం గీస్తారు. మీరు మనిషి బదులు నది పెట్టండి. మీ పిల్లలు గోదావరి గీసి, చివరి వేలెడు మేర మాత్రమే స్కాన్ చేసి పంపాలి. అక్కడి పిల్లలు ఆ అంచు నుంచి తమ నదిని మొదలుపెట్టాలి. తర్వాతి వారం అటు నుంచి ఇటు. మూడోవారం రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఇలా చేస్తే ఎవరూ ఎవరి పనినీ మింగెయ్యలేరు, గట్టిగా మాట్లాడేవాళ్ళ చేతికే అంతా పోదు.

నెట్ బలహీనంగా ఉన్న పిల్లల కోసం మీటింగులు రెండే పెట్టి, మిగతాదంతా ఫోటోలతో, వాయిస్ మెసేజ్‌లతో నడపండి. బొమ్మల్ని పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయమనండి. ట్యూబ్‌లైట్ కింద మీ గోదావరి మట్టిరంగు వాళ్ళకి ఆకుపచ్చగా కనిపిస్తుంది.

గడియారం సంగతి మాత్రం మర్చిపోవద్దు. మా క్లాసు మార్చి నెలాఖరులో ఒక మంగళవారం ఎప్పట్లాగే మధ్యాహ్నం మూడున్నరకి కూర్చుంది. అవతల ఒక్కరూ లేరు. ఆ ముందు ఆదివారమే వాళ్ళ గడియారాలు గంట ముందుకు జరిగాయి. వాళ్ళు మన రెండున్నరకే వచ్చి, మనవాళ్ళు రాలేదని వెళ్ళిపోయారు. నా పిల్లలు ఆ రోజు చూపించాలని రాత్రంతా కూర్చుని చేసిన పని ఫైళ్ళలోనే ఉండిపోయింది. వాళ్ళ ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. బ్రిటన్‌లో గడియారం మార్చి చివరి ఆదివారం ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుగుతుంది. తేదీలు ఖాయం చేసే ముందు ఆ రెండు ఆదివారాలూ క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో చుట్టి, క్లాసు గోడ మీద తగిలించండి.