అమ్మ దాచిన వెండి రూపాయలు: తోమకండి, మూట మార్చండి

ప్రశ్న: మా అమ్మ పోయాక ట్రంకుపెట్టెలో నలభై వెండి రూపాయలు దొరికాయి. 1940 తర్వాతవి ఎనిమిది, మిగతావి అంతకు ముందువి. పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసినవి నల్లబడ్డాయి. మా అబ్బాయి ప్లాస్టిక్ కవర్లలో పెట్టినవాటికి పచ్చటి జిగురు పట్టింది. రెండు మాత్రం నీలంగా, ఊదాగా మెరుస్తున్నాయి. బజార్లో శేటు తోమి తూకానికి తీసుకుంటానంటున్నాడు. అమ్మేసి డిపాజిట్ వేయమంటారా?
- ఒక రిటైర్డ్ టీచర్, చిత్తూరు

జవాబు: అయ్యవారూ, ఒక నెల శేటు దగ్గరికి పోకండి.

తూకం లెక్క ముందు చూద్దాం. 1939 వరకు వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. 1940 నుంచి 45 దాకా వచ్చినవాటిలో సగమే వెండి. అంటే మీ నలభైలో అసలు వెండి సుమారు 389 గ్రాములు, అరుగుదల పోను ఇంకాస్త తక్కువ. ఆ రోజు రేటుతో గుణించి చూసుకోండి. శేటు ఇచ్చేది అంతకన్నా తక్కువే ఉంటుంది. నాణెం సేకరించేవాళ్లు మాత్రం తూకం చూడరు, ముఖం చూస్తారు. తోమిన ముఖానికి సన్నటి గీతలు పడతాయి, టంకశాల మెరుపు పోతుంది, అది మళ్లీ రాదు. మా అమ్మ కూడా తాతగారి రూపాయిని పండక్కి చింతపండు, విబూదితో తోమి తళతళలాడించింది. కుందులకు ఆ వైద్యం సరే. ఆ రూపాయి విలువ ఇప్పుడు దానిలోని వెండి వరకే.

నలుపుకు కారణం గంధకం. న్యూస్‌పేపరు, అట్టముక్క, ఉన్నిగుడ్డ, అన్నిటికన్నా ముందు రబ్బరు బ్యాండు గంధకపు ఆవిరిని వదులుతాయి, వెండి దాన్ని పట్టేసుకుంటుంది. ఆ పొర పలచగా ఉంటే తేనెరంగు, ఇంకొంచెం ముదిరితే ఊదా, నీలం, చివరికి నలుపు. వానలో రోడ్డు మీద ఆయిల్ చుక్క రంగులు తిరుగుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. మీ రెండు రంగుల రూపాయలకు సేకర్తలు ఎక్కువే ఇవ్వవచ్చు. అయితే వేడి చేసి, మందులు పూసి దొంగరంగులు తెప్పించేవాళ్లున్నారు కాబట్టి కొనేవాడు అనుమానంగానే చూస్తాడు. ఆ డబ్బును లెక్కలో వేసుకోకండి.

నలుపు కన్నా నాకు దిగులు ఆ పచ్చజిగురు గురించే. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవరు కాలం గడిచేకొద్దీ ఆమ్లాన్ని వదులుతుంది, అది నాణెంలోని రాగిని తింటుంది. చిలుము అక్కడితో ఆగదు, లోపలికి పోతుంది. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే కవరు ఏదైనా ఈరోజే పారేయండి. జిగురు పట్టినవాటిని స్వచ్ఛమైన అసిటోన్ (జిగురును కరిగించే ద్రవం)లో కాసేపు ముంచి, రుద్దకుండా ఆరనివ్వండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో నూనెలు, సెంటు కలుపుతారు. మిద్దెమీద చేయండి, వంటింట్లో వద్దు, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది.

తర్వాత మైలార్ (పీవీసీ కాని పాలిస్టర్) కవర్లు గానీ గట్టి అక్రిలిక్ డబ్బీలు గానీ కొనండి. బీరువాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి, మన నవంబరు ముసురుకు అది అవసరం. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. వీటికోసమని కొత్తగా బ్యాంకు లాకరు తీసుకోవద్దు, అద్దె దండగ.

అమ్మకానికి ముందు సంవత్సరాలు రాసుకోండి. 1939 రూపాయి అరుదు. 1911 ఐదో జార్జి రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపించిందని గొడవై, దాన్ని వెనక్కి తీసుకున్నారు. అవి ఉంటే పక్కన పెట్టి, నాణేలు తెలిసినవారికి చూపించండి. అరిగిపోయినవి, సగం వెండివి తూకానికి పోయినా బాధలేదు.

పన్ను సంగతి. అమ్మగారు దాచుకున్న కాలం కూడా మీ లెక్కలోకే వస్తుంది, కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం, 12.5 శాతం. 2001 ఏప్రిల్ 1 నాటి ధరను కొన్నధరగా చూపొచ్చు. పూజలో పెట్టిన నాణేలే కదా, సొంత సామానే కదా, పన్ను ఉండదు అనకండి. ఆ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1976లో ఓడిపోయింది.

ఇంకొకటి. విదేశాల్లో పిల్లలెవరైనా ఉంటే, వందేళ్లు దాటిన నాణేలు వాళ్ల సూట్‌కేసులో పెట్టి పంపకండి. 1972 చట్టం ప్రకారం అవి పురావస్తువులు, దేశం దాటించడం నేరం.