లైఫ్ గార్డ్ ట్రైనింగ్‌లో నేను రెండుసార్లు చచ్చిపోయిన రోజు

"నాకు ఈత బాగా వచ్చు. అలలు ఎక్కువగా ఉన్నప్పుడు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మునుగుతున్నప్పుడు కాపాడటం లైఫ్ గార్డులకు ఎలా నేర్పిస్తారు? అంత కష్టమా?" అని అడిగారు.

కష్టమే. కానీ మీరు అనుకునే చోట కాదు. ముందు ఆ "ఈత బాగా వచ్చు" అన్న మాటని కాసేపు పక్కన పెట్టండి. నేనూ అదే ధీమాతో వెళ్లాను. కాలేజీలో ఈత పోటీల్లో కప్పులు కొట్టినవాణ్ణి. మా బ్యాచ్‌లో 400 మీటర్లు పూల్‌లో నాకంటే ముందు పూర్తి చేసినవాడు లేడు. సముద్రంలో ట్రైనింగ్ మొదలైన మూడో వారంలో, ఒక్క పూటలో, రెండుసార్లు చచ్చిపోయాను.

నిజంగా కాదు లెండి. మా ట్రైనర్‌ది ఒక పద్ధతి. కాపాడటానికి వెళ్లినవాడు తప్పు చేస్తే విజిల్ వేసి, "నువ్వు పోయావు, వచ్చి ఇసకలో పడుకో" అనేవారు. మిగతావాళ్ల వంతు అయ్యేదాకా శవంలా పడుకోవాలి. లేవకూడదు, మాట్లాడకూడదు. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. అప్పట్లో ఆయన్ని ఎంత తిట్టుకున్నానో.

ఆ రోజు గాలి బాగా వీస్తోంది. కెరటాలు చూసి ప్రాక్టీసు రద్దవుతుందని సంబరపడ్డాం. ఆయనేమో "జనం ఇలాంటి రోజునే కదా మునిగేది" అన్నారు. కాస్త దూరంలో ఒక పడవ, అందులో ఇద్దరు సీనియర్లు, ఎందుకైనా మంచిదని. మునిగేవాళ్లుగా నటించేవాళ్లని పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారో తర్వాత తెలిసింది: "వచ్చినవాడి మాట వినొద్దు. అందితే పట్టుకోండి. వదలొద్దు."

నా వంతు వచ్చింది. ఒడ్డుకి అరవై మీటర్ల దూరంలో మా బ్యాచ్‌లోకెల్లా భారీ మనిషి. నేను ముక్కుసూటిగా పరిగెత్తి దూకేశాను. ప్రతి కెరటమూ నన్ను వెనక్కి నెట్టింది. ఒడ్డు వెంబడి పారే నీళ్లు పక్కకి లాగాయి. తల ఎత్తి చూసుకునేసరికి మనిషి ఒక పక్క, నేను ఒక పక్క. ఎలాగో తిప్పుకుని చేరేసరికి ఊపిరి లేదు. రెస్క్యూ ట్యూబ్, అంటే మునిగేవాడు పట్టుకుని తేలడానికి ఇచ్చే పొడవాటి తేలుడు సాధనం, తాడుతో నా వెనకాలే వస్తోంది, నేను మాత్రం ఎదురుగా వెళ్లి చెయ్యి చాచాను. ఆయన నా మెడ పట్టుకుని, భుజాల మీదకి ఎక్కేశాడు. నేను గాలి కోసం పైకి తోసుకుంటున్నాను, ఆయన నన్ను మెట్టు చేసుకుని ఇంకా పైకి పోతున్నాడు. విజిల్.

ఇసకలో పడుకుని చూశాను అసలు సంగతి. నా తర్వాత వెళ్లినవాడు పూల్‌లో అందరికంటే నెమ్మది. వాడు నీళ్లలోకి దిగలేదు. రెండు సెకన్లు నిలబడి చూశాడు. తర్వాత పక్కకి, ఇసక మీదే పరుగు తీశాడు. భయపడి పారిపోతున్నాడనుకున్నాను. కాదు. ఒక చోట కెరటాలు విరగడం లేదు, నీళ్లు కొంచెం ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తున్నాయి. అక్కడ దిగాడు. అది రిప్ కరెంట్, అంటే ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ కలిసి తిరిగి లోపలికి పోయే పాయ. అదే వాణ్ణి మోసుకుపోయింది. నాకు పట్టిన టైంలో సగం కూడా పట్టలేదు. మనిషికి రెండు బారల దూరంలో ఆగి, ట్యూబ్‌ని ముందుకి తోశాడు. ఆ భారీ మనిషి దాన్ని వాటేసుకున్నాడు. వచ్చేటప్పుడు వెళ్లిన దారిన రాలేదు, పక్కకి ఈదుకుంటూ పాయలోంచి బయటపడి, కెరటాలు విరిగే చోటికొచ్చి వాటితో పాటు ఒడ్డుకి చేరాడు.

స్నానానికి వచ్చినవాళ్లు "ఇక్కడ అలలు లేవు, సేఫ్" అనుకుని దిగేది సరిగ్గా అలాంటి చోటే. మామూలుగా ఆ పాయ వేగం తక్కువే ఉంటుంది కానీ, ఒక్కోసారి సెకనుకి రెండున్నర మీటర్ల దాకా పోతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు 46.40 సెకన్లు, అంటే సెకనుకి రెండు మీటర్ల పైచిలుకు. ఆ రికార్డు కొట్టినవాడు కూడా ఎదురీది నెగ్గలేడు. నా కాలేజీ కప్పులు ఏ మూలకి?

రెండో చావు ఇంకా అవమానం. ఈసారి ఇద్దరు మునుగుతున్నారు. నేను తెలివిమీరి పాయలోనే వెళ్లాను, ట్యూబ్ ముందు పెట్టుకున్నాను. ఒకడు చేతులు ఊపుతూ గోల గోలగా అరుస్తున్నాడు. రెండోవాడు తల వెనక్కి వాల్చి, నోరు నీటిమట్టానికి ఉండీ లేకుండా, నిలువుగా, చప్పుడు చెయ్యకుండా ఉన్నాడు. నేను అరిచేవాడి దగ్గరికి వెళ్లాను. మళ్లీ విజిల్. "అరుస్తున్నాడంటే వాడికి ఊపిరి ఆడుతోందిరా. రెండోవాడు పోయాడు. వాడితో పాటు నువ్వూ పడుకో."

ఫ్రాంక్ పియా అనే అమెరికా లైఫ్ గార్డ్ 1970లలోనే ఇది చెప్పాడు. ఈత రాక నిజంగా మునిగేవాడు అరవలేడు, చెయ్యి ఊపలేడు. నోరు పైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి పీల్చుకోడానికే చాలదు, ఇక కేకెక్కడ? చేతులు నీళ్లని కిందికి నొక్కుతూ ఉంటాయి. అలా పైన ఉండేది 20 నుంచి 60 సెకన్లు. సినిమాల్లో మాత్రం మూడుసార్లు మునిగి, మూడుసార్లు లేచి, "కాపాడండి" అని డైలాగు చెప్పాకే మునుగుతారు. ఆ సీన్లు చూసి పెరిగిన తల్లిదండ్రులు పక్కనే నిలబడి కూడా పిల్లవాడు ఆడుకుంటున్నాడనుకుంటారు.

ఇంకో మాట, కోపం వస్తే రానీ. "మీకేం, కుర్చీలో కూర్చుంటే జీతం" అనేవాళ్లకి చెబుతున్నాను. ఆ కుర్చీలో చూడటమే అసలు పని. నీళ్ల వైపు చూస్తూ చూస్తూ ఉంటే అరగంటకల్లా బుర్ర మొద్దుబారుతుంది. అందుకే 20, 30 నిమిషాలకోసారి మనిషిని మార్చాలి. నేను పనిచేసిన ఒక చోట నాలుగు గంటలు ఒక్కణ్ణే కూర్చోబెట్టేవాళ్లు. అడిగితే "ఏం జరగలేదు కదా" అన్నారు.

ఇక మీరు అడిగిన ఇద్దరు ముగ్గురి సంగతి. ఒంటరిగా ఇద్దర్ని ఈడ్చుకురావాలని చూడకండి. ఒకరినొకరు పట్టుకుని ఉంటే మధ్యలోకి ట్యూబ్ తోయండి, చాలాసార్లు ఒకర్నొకరు వదిలి దాన్ని పట్టుకుంటారు. అందరూ నీటిపైన ఉంటే చాలు, రెండోవాళ్లు వచ్చేదాకా అలాగే ఉండొచ్చు. 1938 ఫిబ్రవరి 6న సిడ్నీ బాండై బీచ్‌లో వరసగా పెద్ద అలలు వచ్చి రెండు వందల పైచిలుకు మందిని ఇసక తిన్నె మీంచి లోపలికి లాగేశాయి. చనిపోయినవాళ్లు ఐదుగురు. అంతమందీ బయటపడటానికి కారణం, అదృష్టవశాత్తూ ఆ వేళకి పదుల సంఖ్యలో లైఫ్ సేవర్లు ఒడ్డునే ఉండటం. ఏ ఒక్క గజ ఈతగాడి గొప్పా కాదు.

ఉద్యోగంలో నిజంగా నా మెడ పట్టుకున్నది ఒక్కడే. ట్యూబ్ అందించే లోపలే కెరటం అతన్ని నా మీద వేసేసింది. అప్పుడు ఆలోచన ఏమీ లేదు. ఊపిరి పీల్చి, గడ్డం ఛాతీకి ఆనించి, కిందికి పోయాను. పైకి కాదు, కిందికి. మునిగేవాడికి కావలసింది గాలి. మీరు కిందికి పోతే తనే వదిలేస్తాడు. వదిలాడు. దూరంగా తేలి, ట్యూబ్ తోశాను. మొత్తం ఐదారు సెకన్లు. ఆ ఐదారు సెకన్ల కోసమే ఆ భారీ మనిషి చేత వందసార్లు మెడ పట్టించుకున్నాను.

ఒడ్డుకి తెచ్చేసరికి అతనికి ఊపిరి లేదు. వాళ్లవాళ్లు పొట్ట నొక్కండి, తలకిందులుగా పట్టుకోండి అని మీద పడ్డారు. పొట్ట నొక్కితే వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అంతకుమించి ఒరిగేదేం లేదు. నీళ్లలో మునిగినవాడికి ముందు నోటితో ఊపిరి అందించాలి, తర్వాతే ఛాతీ నొక్కడం, 30 నొక్కులకి 2 ఊపిరుల చొప్పున. గాలి అందకే గుండె ఆగుతుంది కాబట్టి ఉత్త ఛాతీ నొక్కుడు చాలదు. దీన్ని కూడా ఏసీ గదిలో బొమ్మ మీద కాదు, ఈది వచ్చి రొప్పుతూ ఉన్నప్పుడు ప్రాక్టీసు చెయ్యాలి. అతను బతికాడు. సాయంత్రం అతని స్నేహితుడు వచ్చి, "మావాడు మునుగుతుంటే మీరు దూరంగా ఆగి ఆ ప్లాస్టిక్‌ది విసిరారేంటి, పట్టుకోలేదేం?" అని నిలదీశాడు. ఏం చెప్పను?

మీరు ట్రైనింగ్‌లో చేరే ముందు ఎన్ని వారాలు, సర్టిఫికెట్ ఇస్తారా అని ఎలాగూ అడుగుతారు. మునిగేవాళ్ల వేషం ఎవరు వేస్తారో కూడా అడగండి. చెప్పిన మాట విని, చెయ్యి ఇస్తే బుద్ధిగా పట్టుకుని వెంట వచ్చేవాళ్లే అయితే అక్కడ ఫీజు కట్టకండి.