వెళ్లిపోయిన 127కె ఏ ఆబ్జెక్ట్?

ప్రశ్న: మేడమ్, నేను బీకామ్ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. అమీర్‌పేటలో పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. సిటీ బస్సుల మీద చిన్న ప్రాజెక్టు ఇస్తే 10హెచ్‌కి ఒక క్లాసు, 127కెకి ఒకటి, 218కి ఒకటి, ఇలా పదకొండు రాశాను. సార్ చూసి 'ఇవన్నీ ఆబ్జెక్టులయ్యా' అని నవ్వేశారు. ఏది క్లాసో, ఏది ఆబ్జెక్టో తెలిసేదెలా?
– ఓ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నవ్వితే నవ్వారులే. క్లాసు అంటే అచ్చు, ఆబ్జెక్ట్ అంటే ఆ అచ్చులో పోసి తీసిన ఒక్కో వస్తువు. ఆ పదకొండింట్లో రెండు తీసి పక్కపక్కన పెట్టు. 10హెచ్ సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్తుంది, 127కె కోఠి నుంచి కొండాపూర్. నంబరు, బయల్దేరే చోటు మారాయి. ఎక్కించుకోవడం, దించడం, టికెట్ కొట్టడం మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కాపీ, పేస్ట్ కొట్టావని ఇక్కడికే తెలుస్తోంది! విలువలే మారి పని మారకపోతే అవి ఒకే క్లాసుకి ఆబ్జెక్టులు.

అయితే మీ సార్ చెప్పని చిక్కు ఇంకోటుంది. కోఠిలో నీ కళ్ల ముందే 127కె వెళ్లిపోయింది. ఐదు నిమిషాల్లో ఇంకో 127కె వచ్చింది. నంబరు అదే, బండి వేరు, నంబర్ ప్లేటు వేరు, లోపలి జనం వేరు. మరి '127కె' అంటే ఏది? అది రూట్. కాబట్టి నీకు కావలసినవి రెండు క్లాసులు: రూట్, బస్సు. 127కె అనేది రూట్ క్లాసుకి ఒక ఆబ్జెక్ట్. నువ్వు మిస్సయిన బండి బస్సు క్లాసుకి ఒక ఆబ్జెక్ట్; తను ఏ రూట్‌లో తిరుగుతోందో గుర్తుపెట్టుకుంటుంది. సాయంత్రం అదే బండిని వేరే రూట్‌కి పంపినా క్లాసుల్లో ఏమీ మార్చక్కర్లేదు.

నేను కొత్తలో చేసిన తప్పు కూడా చెప్తాను. ప్రయాణికుల ఖాళీ లిస్టుని ఇనిట్‌లో (ఒక్కో ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే ఫంక్షన్) సెల్ఫ్‌కి (అంటే ఆ ఆబ్జెక్ట్‌కే) తగిలించకుండా నేరుగా క్లాసు కింద రాశాను. కోఠిలో ఒకావిడ ఎక్కితే ఊళ్లో ఉన్న బస్సులన్నిట్లోనూ ఎక్కేసింది! క్లాసు కింద రాసిన లిస్టు అందరికీ కలిపి ఒక్కటే. అది పట్టుకోవడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

అన్నట్టు, ఈ క్లాసు, ఆబ్జెక్ట్ పద్ధతి నార్వేలో సిమ్యులా 67 అనే భాషతో మొదలైంది. పేరులోనే ఉంది, సిమ్యులేషన్ కోసం, అంటే బయట జరిగేదాన్ని కంప్యూటర్‌లో నడిపి చూడటం కోసం పుట్టిన భాష. నీ బస్సుల ప్రాజెక్టూ ఆ బాపతే.

ఇక నీ తర్వాతి ప్రశ్న నాకు తెలుసు. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి జీరో టికెట్, డీలక్స్‌లో డబ్బులు కట్టాలి కదా, డీలక్స్‌కి వేరే క్లాసు పెట్టనా అని. తేడా అదొక్కటే అయితే బస్సు క్లాసులో 'జీరో టికెట్ ఉందా' అని ఒక ట్రూ, ఫాల్స్ పెట్టుకో, చాలు.