సంతకం ఎవరు పెట్టారన్నదే మీ కేసు

ప్రశ్న: మాది కావలి. నాన్నకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. హైవే మీద బైకు జారి పడి స్పృహ తప్పితే నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. మమ్మల్ని ఒక్క మాట కూడా అడక్కుండా తలకు సీటీ స్కాన్ తీశారు. మూడో రోజు కడుపు నొప్పి అంటే ఇంజెక్షన్ ఇచ్చి పొట్టకు ఇంకో స్కాన్ తీశారు. దానికి మా బావతో సంతకం పెట్టించారు. వారంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగి రెండుసార్లు డయాలసిస్ చేశారు. 22 నెలలైంది. మా దగ్గర ఫైనల్ బిల్లు తప్ప ఏమీ లేదు, స్కాన్ సీడీ ఇల్లు మారేటప్పుడు పారేశాం. అడక్కుండా తల స్కాన్ తీసినందుకు కేసు వేయొచ్చా? ముందు పోలీసు కేసు పెడితే వాళ్లే దిగొచ్చి డబ్బిస్తారని తెలిసినాయన అంటున్నారు.

జవాబు: తల స్కాన్ సంగతి వదిలేయండి. స్పృహలేని మనిషి, తలకు దెబ్బ, లోపల రక్తం కారుతోందో లేదో తెలియదు. అలాంటప్పుడు మీ కోసం వరండాలో వెతుక్కుంటూ కూర్చుంటే అదే తప్పయ్యేది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సమ్మతి లేకుండానే వైద్యం చేయవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. ఆ స్కాన్ మీద మీరెంత బాధపడినా కేసు నిలవదు.

మీ కేసు మూడో రోజుది. ఆ రోజు నాన్నగారు స్పృహలో ఉన్నారు, కడుపు నొప్పి అని తనే చెప్పారు. మరి అడగాల్సింది ఎవరిని? ఆయన్ని. మీ బావ సంతకం ఆయన సమ్మతి కాదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: మేజరైన, తన మంచిచెడ్డలు తెలిసిన రోగి ఉండగా, ఆమె తల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదంది. డాక్టరుకు ఫీజు రాదని చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. మన దగ్గర వార్డులో ఎవరు కనిపిస్తే వాళ్ల చేత సంతకం పెట్టించడం అలవాటైపోయింది. ఏం చేస్తున్నారో, ఎందుకో, దానివల్ల వచ్చే ముప్పేమిటో రోగికి అర్థమయ్యేలా చెప్పాలి, ఆయన సరేనన్నాకే సమ్మతి. ఉత్త సంతకం ఆ మాటకు సాక్ష్యం మాత్రమే.

పొట్ట స్కాన్‌కు ఇచ్చిన ఇంజెక్షన్, లోపలి భాగాలు స్పష్టంగా కనబడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందే అయ్యుండాలి; అది కొందరిలో కిడ్నీలను దెబ్బతీయవచ్చు. షుగర్ రోగికి అది ఇచ్చేముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో, ఏ మాత్రలు వాడుతున్నారో, పాత అలర్జీ ఏమైనా ఉందో చూడాలి. చూశారా? స్కాన్‌కు ముందు క్రియాటినిన్ ఎంత, తర్వాత ఏ రోజుకు ఎంత? ప్రమాదం వల్లో, నొప్పి మాత్రల వల్లో కిడ్నీ దెబ్బతిందని వాళ్లు తప్పకుండా వాదిస్తారు. ఆ అంకెలు లేకపోతే సమ్మతి లోపం వరకే నిరూపించగలరు, డయాలసిస్ ఖర్చు రాబట్టలేరు.

కానీ మీ దగ్గర ఫైనల్ బిల్లు తప్ప ఏమీ లేదని, స్కాన్ సీడీ ఇల్లు మారేటప్పుడు పారేశామని రాశారు. ఇంత దెబ్బ తిన్న మనిషి కాగితాలను అలా పారేస్తారా? పొలం పాసుపుస్తకం పారేస్తారా మీరు? నిర్లక్ష్యం వాళ్లదే కాదు, మీదీ ఉంది.

ఆ తెలిసినాయన మాట మాత్రం వినకండి. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, పోలీసులు ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. మీరు స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే గడువు ఆగదు. పరిహారం అడగాల్సింది వినియోగదారుల కమిషన్‌లో, అక్కడ కేసు వేయడానికి వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లే. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. లీగల్ నోటీసు ఇచ్చినా ఆ గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, రాజీ డబ్బుల కోసం ఎదురుచూశామంటే ఏ కమిషనూ మన్నించదు.

ఈ వారమే నాన్నగారి సంతకంతో ఆసుపత్రికి అర్జీ ఇవ్వండి, మీ పేరుతో కాదు. కేసు షీటు, సమ్మతి పత్రం, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ నకలు అడిగి, అందినట్టు రశీదు తీసుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన. వాళ్లు రికార్డులు మూడేళ్లే దాచాలి కాబట్టి ఇప్పటికి ఉండాలి. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రశీదుతోనే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నాన్నగారే ఫిర్యాదిదారుగా కేసు వేసి, రికార్డులు తెప్పించమని అక్కడే దరఖాస్తు పెట్టండి. ఆసుపత్రికి కట్టింది అయిదు లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు. మీ బావతో ఆ రోజు ఎవరు సంతకం పెట్టించారో, ఏం చెప్పారో, అసలు చదవనిచ్చారో లేదో ఉన్నదున్నట్టు అఫిడవిట్ రాయించండి. ఆయన మర్చిపోకముందే.