ఆడిటర్ వచ్చేలోపు

పాపా,

మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో కంప్లయన్స్ పని, అంటే రూల్స్ పాటిస్తున్నారో లేదో చూసే పని నీకు అప్పగించారని, సీజన్ మధ్యలో యూరప్ బయ్యర్ తరఫున కూలీల పని, భద్రత, కాలుష్యం చూసే స్మెటా ఆడిట్ ఉందని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడుతున్నావట. చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల్లోనే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫైళ్లతో మొదలుపెట్టకు. ముందు కటింగ్ షెడ్డుకు పో. ఆడిటర్ గట్టిగా పట్టుకునేది పని గంటలనే. వారానికి 48 గంటలు, ఓవర్‌టైమ్‌తో కలిపి 60 దాటకూడదన్నది వాళ్లు చూసే ఈటీఐ కోడ్, అంటే కార్మికుల విషయంలో కంపెనీలు పాటించాల్సిన నియమావళి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి అన్నది మన చట్టం. బెంగళూరా కాయ దిగడం మొదలైతే గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి. షిఫ్టు దిగాల్సిన ఆడవాళ్లను ఇంకో నాలుగు గంటలు ఉండమంటారు. అప్పుడు ఎవరో ఒకరు నీ దగ్గరికొచ్చి, ఆడిట్ కోసం ఇంకో రిజిస్టర్ రాద్దాం మేడమ్ అంటారు. ఒప్పుకోవద్దు. తప్పన్న సంగతి అలా ఉంచు, దొరికిపోతారు. బాయిలర్ లాగ్‌బుక్, గేటు రిజిస్టర్, ప్రొడక్షన్ షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తారు వాళ్లు. సెలవని రాసుకున్న ఆదివారం నాడు డ్రమ్ములు ఎలా నిండాయని అడిగితే ఏం చెబుతావు?

గంటలు దాటితే దాటినట్టే రాయి. ఎందుకు దాటాయో, రెట్టింపు కూలి ఎవరెవరికి పడిందో, వచ్చే వారం కొత్తగా ఎంతమందిని తీసుకుంటున్నారో కూడా రాయి. కనబడే లోపానికి దిద్దుకోమని గడువిస్తారు. దొంగ రిజిస్టర్ బయటపడితే బయ్యరే పోతాడు.

కూలి మనిషి ఖాతాలో పడుతోందా, కూలీలను తెచ్చే మేస్త్రీ చేతికి పోతోందా చూడు. ఆటో ఖర్చనీ కమీషననీ మధ్యలో ఎంత కోసుకుంటున్నారో ఆఫీసులో ఎవరూ చెప్పరు. మేస్త్రీ లేని సమయం చూసి, టీ తాగేటప్పుడు ఆడవాళ్ల పక్కన కూర్చో. వాళ్లే చెబుతారు.

ఎమర్జెన్సీ తలుపులు నీ చేత్తో తెరిచి చూడు, అదీ రాత్రి షిఫ్టులో. సీజన్‌లో వాటికి అడ్డంగా ఖాళీ డ్రమ్ములు పేర్చేస్తారు. 2012లో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి కార్మికుల భద్రత, హక్కులు బాగున్నాయని చెప్పే ఎస్ఏ8000 సర్టిఫికెట్ వచ్చి అప్పటికి కొన్ని వారాలే.

ఇక వెనకవైపు కాలువ. పండ్ల నీళ్లే కదా, ఏం హాని అంటారు మనవాళ్లు. ఆ తీపి కుళ్లేటప్పుడే నీటిలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. బీఓడీ, అంటే అలా కుళ్లడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు వాగులోకైతే 30 మిల్లీగ్రాములు, పొలానికైతే 100 దాటకూడదు. మురుగునీళ్లు శుద్ధి చేసే ఈటీపీని సీజన్ మొదలైన రోజు ఆన్ చేస్తే లాభం లేదు, అందులో బ్యాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. కాయ రాకముందే పేడ వేసి సిద్ధం చేయించు. లైన్లు కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు ఒక్కసారిగా వదిలితే ఆ బ్యాక్టీరియా అంతా చస్తుంది. వేరే ట్యాంకులో పట్టి, పీహెచ్ సరిచేశాకే కొంచెం కొంచెంగా వదలమను.

ఇన్ని రూల్స్ అడిగే బయ్యర్లు ధర దగ్గర మాత్రం పైసా కదలరు. ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. కంటైనర్ తేదీ ముందుకు జరపమని వాళ్లు పెట్టే మెయిళ్లన్నీ దాచు. ఓవర్‌టైమ్ ఎక్కడి నుంచి వచ్చిందని ఆడిట్ చివరి మీటింగ్‌లో అడిగితే, వాటిని టేబుల్ మీద పెట్టు.

మీ పెద్దనాయన