కోర్టు వేసింది అర్ధరూపాయి వడ్డీ, మీరు తెస్తానంటున్నది మూడు రూపాయలకు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. 2019లో నేను, మా ఆయన ఇద్దరం సంతకాలు పెట్టి ఒక ఫైనాన్స్ కంపెనీలో 3 లక్షలు తీసుకుని గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫ్యాన్సీ షాపు పెట్టాం. కరోనాలో షాపు మూసేశాం, కంతులు ఆగిపోయాయి. కోర్టు సమన్లు వచ్చినా భయపడి పోలేదు. పోయిన సంవత్సరం మొత్తం 3,64,000 కట్టాలని, అసలు మీద 6 శాతం వడ్డీ అని డిక్రీ అయింది. అప్పట్నుంచి వసూలుకు మనుషులు వస్తున్నారు. అరెస్టు వారెంటు తెస్తామని, మా మామగారి ఇల్లు వేలం వేస్తామని, నా కుట్టు మిషన్ ఎత్తుకెళ్తామని వీధిలో అందరూ వినేలా అంటున్నారు. ఐదు నెలలుగా నెలకు 8,000 ఇస్తున్నాం. మూడుసార్లు చేతికిచ్చాం, రెండుసార్లు ఫోన్‌పే చేశాం. చివరిది పోయిన వారమే. మా ఆయనకు హోటల్లో సూపర్‌వైజర్ పని, జీతం 22,000. నాకు కుట్టుపనిలో 10,000 దాకా వస్తుంది. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి మూడు లక్షలు ఇస్తానంటున్నారు. తెచ్చి వీళ్ళ మొహాన కొట్టేస్తే పీడ పోతుందా?

జవాబు: వద్దమ్మా. ఆ మూడు రూపాయల అప్పు మాత్రం తేవద్దు. మిగతా సంగతులు తరువాత మాట్లాడుకుందాం.

మీ డిక్రీలో ఉన్న 6 శాతాన్ని మన ఊరి లెక్కలో చెప్పుకుంటే నూటికి నెలకు అర్ధరూపాయి. 3 లక్షల అసలు మీద నెలకు 1,500. మీకు తెలిసినాయన దగ్గర తెస్తే అదే 3 లక్షలకు నెలకు 9,000 వడ్డీ కట్టాలి, అసలు అలాగే ఉంటుంది. ఇంత తక్కువ వడ్డీకి మీకు బ్యాంకు కూడా అప్పివ్వదు. వీధిలో పోయే పరువు కోసం చౌక అప్పు తీర్చి ఖరీదైన అప్పు నెత్తిన పెట్టుకునేవాళ్ళను నేను ప్రతి నెలా చూస్తున్నాను. వాళ్ళు ఇంటిముందు అరిచేది కూడా అందుకే. అరుపుకు భయపడి మీరు ఎక్కడినుంచైనా తెచ్చి కడతారని.

ఇప్పుడు మీరు ఇప్పటికే ఇచ్చిన 40,000 సంగతి. నాకు ఎక్కువ దిగులు దీని గురించే. డిక్రీ అయ్యాక బాకీ లెక్క కోర్టులో ఉంటుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు, 2వ రూలు ప్రకారం కోర్టు బయట కట్టిన డబ్బు కోర్టు రికార్డులో ఎక్కాలి. ఎక్కకపోతే రేపు కంపెనీ అమలు పిటిషన్, అంటే లాయర్లు ఈపీ అనేది, వేసినప్పుడు కోర్టు ఆ డబ్బును లెక్కలోకి తీసుకోదు. చిత్తూరు నుంచి ఒక బెల్లం వ్యాపారి ఇలాగే నా దగ్గరికి వచ్చారు. ఏడాదిపాటు వసూలు మనిషి చేతిలో పెట్టిన డబ్బుకు చివరికి మిగిలింది ఒక పాత డైరీలో ఆయన సొంత రాత. ఈపీలో మాత్రం మొత్తం బాకీ చెక్కు చెదరకుండా ఉంది.

మీరు కట్టిన సంగతి రికార్డు చేయమని కోర్టును అడగడానికి, కట్టిన రోజు నుంచి 30 రోజులే గడువు. పోయిన వారం కట్టిన 8,000కు ఆ గడువు ఇంకా ఉంది. కాగితం మీద రుజువు ఉంటేనే కోర్టు ఒప్పుకుంటుంది కాబట్టి ఫోన్‌పే రికార్డు పనికొస్తుంది. కానీ ఆ డబ్బు కంపెనీ ఖాతాలోకి పోయిందా, ఆ మనిషి సొంత నంబరుకు పోయిందా చూడండి. సొంత నంబరుకైతే, అందినట్టు కంపెనీ చేతే రాయించుకోవాలి. గడువు దాటిన మిగతా 32,000కు దారి ఒక్కటే. మాకు ముట్టిందని కంపెనీయే కోర్టుకు చెప్పాలి. అందుకని తేదీలతో సహా వివరాలు రాసి కంపెనీ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ మనిషి పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ తీసేయకండి. ఇకమీదట ఇంటి గడప దగ్గర ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కడితే కోర్టులో డిపాజిట్ చేయండి, లేదంటే కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే పంపి వెంటనే రికార్డు చేయించండి.

బెదిరింపుల్లో నిజమెంతో చూద్దాం. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదని కోడ్ 56వ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి మీకు జైలు భయం లేదు. మీ ఆయన విషయంలో కూడా పోలీసులు రారు. వస్తే కోర్టు పంపిన అమీనా, అంటే కోర్టు ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి, రావాలి. అది కూడా మామూలుగా ముందు నోటీసు ఇచ్చి, ఎందుకు జైలుకు పంపకూడదో చెప్పుకోమని అడిగిన తరువాతే. కట్టే స్తోమత ఉండీ కావాలని ఎగ్గొట్టేవాళ్ళకే జైలు గానీ, చేతిలో లేనివాళ్ళకు కాదని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అందుకని కోర్టు నుంచి ఏ కాగితం వచ్చినా ఈసారి తప్పకుండా వెళ్ళండి. సమన్లకు వెళ్ళకపోవడమే మీరు చేసిన పెద్ద తప్పు, ఏమీ అనుకోకండి. సమన్లు అందాయి కాబట్టి ఈ ఏకపక్ష డిక్రీని, అంటే మీరు రాకుండానే ఇచ్చిన డిక్రీని, ఇప్పుడు కొట్టేయించడం కష్టం. దాని కోసం లాయరుకు పోసే డబ్బు బాకీకే కట్టుకోండి.

మీ మామగారి ఇల్లు ఆయన సొంత సంపాదన అయి, ఆయన ఎక్కడా సంతకం పెట్టకపోతే దాని జోలికి రాలేరు. మీ కుట్టు మిషన్‌ను పనిముట్టు కింద జప్తు చేయకూడదు. వంటపాత్రలు, పరుపులు, మీ పుస్తెలు, మీ ఆయన పీఎఫ్, ఎల్ఐసీ పాలసీ సొమ్ము వీటికీ 60వ సెక్షన్‌లోనో పీఎఫ్ చట్టంలోనో రక్షణ ఉంది. గాజులు, గొలుసులకు ఆ రక్షణ లేదు. బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బుకూ లేదు. జీతానికి కొంత ఉంది. మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 22,000లో 1,000 పోగా 21,000, అందులో మూడో వంతు 7,000. అంటే ఎంత గట్టిగా పట్టుకున్నా నెలకు 7,000, అదీ ఈ డిక్రీ కింద మొత్తం 24 నెలల వరకే. ఇప్పుడు మీరు రసీదు లేకుండా ఇస్తున్నది 8,000! కోర్టు కోసేదానికంటే ఎక్కువ మీరే చేజేతులా పోస్తున్నారు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చుందామంటే కుదరదు. డిక్రీకి 12 ఏళ్ళ ప్రాణం ఉంది. నగలో, ఖాతాలో డబ్బో ఎవరి పేరుకైనా మార్చేద్దామని కూడా ఆలోచించకండి, దానివల్ల కొత్త చిక్కులు వస్తాయి.

నేనైతే ఇలా చేస్తాను. మీ ఇద్దరి సంపాదనలో నెలకు 7,000 పక్కన పెట్టగలరు, ఇప్పటికే 8,000 ఇస్తున్నారు కదా. దాన్ని పట్టుకుని లోక్ అదాలత్‌కు వెళ్ళండి. తిరుపతి కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ వాళ్ళను అడిగితే దారి చెప్తారు. ఫీజు ఉండదు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును కూడా ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చెప్తారు. అక్కడ ఇప్పటిదాకా కట్టిన 40,000 తీసేయాలని, మిగతాది కంతుల్లో కడతామని, వడ్డీ తగ్గించమని అడగండి. డిక్రీ అయ్యాక కంతులు కావాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, అందుకే రాజీ మాట. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన అంకె మీదే సంతకం పెట్టండి. ఒకేసారి కడితే బాగా తగ్గిస్తామని కంపెనీ అంటే అప్పుడు మాత్రం, పుస్తెలు కాకుండా ఉన్న బంగారం కొంచెం అమ్మడం గురించి ఆలోచించవచ్చు. తగ్గించి తీర్చుకుంటే సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో, ‘సెటిల్డ్’ అని పడుతుంది, కొన్నేళ్ళు కొత్త అప్పు దొరకడం కష్టం. నా లెక్కలో మీకు అదీ ఒకందుకు మంచిదే. చివరి రూపాయి కట్టిన రోజు బాకీ పూర్తిగా తీరినట్టు కంపెనీ చేత కోర్టులో మెమో వేయించుకుని, దాని నకలు తీసుకుని దాచుకోండి.

ఇంటికొచ్చేవాళ్ళ విషయం. మీ కంపెనీ రిజర్వ్ బ్యాంకు కింద నమోదై ఉంటే, ఆ బ్యాంకు నిబంధనల ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత వసూలు ఫోన్లు చేయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, ఇంట్లోవాళ్ళను బెదిరించకూడదు. వచ్చిన మనిషిని గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. నిలబడి, గొంతు పెంచకుండా, ‘డిక్రీ కోర్టులో ఉంది, కట్టేది కోర్టులో కడతాం’ అని చెప్పి తలుపు వేసుకోండి. మళ్ళీ అరిస్తే వీడియో తీయండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు, ఫోన్ నంబరు 14448. చేయి చేసుకున్నా, ఇంట్లోకి చొరబడినా మాత్రం ఆ 30 రోజులు చూడకండి, అది పోలీసు స్టేషన్ పని.

రేపే వెళ్ళాల్సింది కోర్టుకు. డిక్రీ నకలు, రెండు ఫోన్‌పే కాగితాలు ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. పోయిన వారం 8,000 కట్టిన తేదీని పెన్నుతో గుండ్రం చుట్టి చూపించండి, ఆ రోజు నుంచే 30 రోజులు లెక్క.