ఏనుగు వెనక సగం

బరంపురం

చి. సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

భువనేశ్వర్ దగ్గరి ధౌళికి చేసిన ప్రయాణం గురించి నువ్వు రాసి పంపినది రెండుసార్లు చదివాను. ఇద్దరు పసివాళ్లను వెంటబెట్టుకుని పొద్దున్నే రైలెక్కి, కళింగ యుద్ధం జరిగిందని చెప్పుకునే నేల చూసి, రాత్రికి ఇల్లు చేరి, మర్నాడే రాయడానికి కూర్చున్నావు. ఆ పట్టుదల నాకెంతో నచ్చింది. అందుకే బాగుందని ఒక్క మాట చెప్పి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఒక తప్పు దిద్దుకోవాలి. లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారని ధౌళి శిల మీద చెక్కి ఉన్నట్టు రాశావు. అక్కడ లేదమ్మా. ఆ లెక్క అశోకుడు పలుచోట్ల బండల మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల్లో 13వ దానిలోది. ధౌళిలోనూ, మన గంజాం జిల్లా జౌగడలోనూ 1 నుంచి 10 వరకు, ఆ పైన 14వ శాసనం మాత్రమే ఉన్నాయి. మధ్యలో మూడింటిని వదిలేసి, కళింగ కోసమే రాయించిన రెండు ప్రత్యేక శాసనాలు చేర్చారు. ఆ 13వ శాసనంలో రాజు పశ్చాత్తాపపడిన మాటలు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద ఉన్నాయి, ఎక్కడో వాయవ్యాన, ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉన్నాయి. బిడ్డలను పోగొట్టుకున్న వాళ్ల గడ్డ మీద మాత్రం లేవు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వు రాయవలసిన చోటు ఇదే. దీన్ని వదిలేసి దయా నది నెత్తురుతో ఎర్రబడిందని ఒక పేరా నింపావు. అది జనం చెప్పుకునే మాట, అలాగే రాయి. నువ్వు వెళ్లిన రోజు ఆ నీళ్లు ఏ రంగులో ఉన్నాయో కూడా రాయి.

ధౌళి కొండ మీద 1972లో కట్టిన శాంతి స్తూపానికి ఒక వాక్యం చాలు.

పిల్లల సంగతికి వస్తాను. శాసనం పైన రాతిలోంచి ముందు సగం మాత్రమే బయటికి వచ్చిన ఏనుగును చూసి చిన్నవాడు ‘అమ్మా, హాతి వెనక సగం ఎక్కడుంది?’ అని అడిగాడని ఫోనులో చెప్పావు. నీకు జవాబు తోచలేదనీ చెప్పావు. కాగితం మీదకి వచ్చేసరికి ‘చిన్నారులు శిల్ప సౌందర్యానికి పరవశించారు’ అయిపోయింది. నాలుగేళ్లవాడు పరవశించాడంటే నేను నమ్మను. వాడి ప్రశ్న ఉన్నదున్నట్టు పెట్టు. ‘హాతి’ని ఏనుగుగా దిద్దకు. 1936లో ఈ జిల్లా ఒడిశాలో చేరింది. మన ఇళ్లలో పిల్లలు బడి మాటను, ఇంటి మాటను ఒకే ఊపిరిలో కలిపి పలుకుతారు. ఆ పలుకు నీ రచనలో వినబడితేనే అది బరంపురం తల్లి రాసినట్టు ఉంటుంది.

నా మనవరాలు ఒకటో తరగతిలో ఉండగా జౌగడ తీసుకెళ్లాను. కోట మట్టిగట్టు దగ్గరే కాళ్లు నొప్పులని మొదలుపెట్టింది. శిల ముందుకు రాగానే నోరు మూసుకుని వంగి చూసింది. ‘తాతయ్యా, ఇన్ని కూడికలు ఎవరు వేశారు?’ అంది. ఆ శాసనాల లిపి బ్రాహ్మీ; అందులో ‘క’ అక్షరం అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ శాసనాల గురించి చదివాను, ఆ పోలిక నాకెప్పుడూ తట్టలేదు. మన ‘క’ కూడా అందులోంచే వచ్చిందని చెబితే, నమ్మనట్టు చూసి, వేలితో గాలిలో రెండూ రాసుకుంది. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నీ దగ్గర అలాంటివి నాలుగైదు ఉండే ఉంటాయి. వెతుకు.

‘మనుషులందరూ నా పిల్లలే’ అన్న మాట ఆ ప్రత్యేక శాసనాల్లోనే ఉంది. చెరో చేత్తో ఒక బిడ్డను పట్టుకుని అక్కడ నిలబడ్డావు కదా, ఆ మాట నీకెలా అనిపించింది? కడుపుకోత మిగిల్చిన రాజే తండ్రిలా పలికాడు. నాకది ఓదార్పుగానూ ఉంటుంది, ఒళ్లూ జలదరిస్తుంది. అతణ్ణి క్షమించాలా వద్దా అని తేల్చే బరువు నీ రచన మీద పెట్టకు. నీకు కలిగినది రాయి.

ఇంకొక్కటి. ఆ ప్రత్యేక శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమి నాడు, చదివి వినిపించాలని అందులోనే ఉంది. వినేవాడు ఒక్కడే అయినా సరే వినిపించాలట. నువ్వూ తిరగరాశాక చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదువు. వాడు ఎక్కడ ఆపి ప్రశ్న వేశాడో, ఎక్కడ లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయాడో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. ఆ గీతలున్న ప్రతినే నాకు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు